గుట్ట దిగి రావమ్మా

సీతాఫలమా, మా తిరుమలగిరి చుట్టుపక్కల నిన్ను చేత్తో నాటినవాళ్ళు తక్కువ. నిన్ను తిననివాళ్ళు మాత్రం లేరు. బండల సందున మొలిచావు. చెల్కల నడుమ, ఏ నాగలీ పోని రాళ్ళకుప్పల్లో మొలిచావు. పడావు పడ్డ భూమిలో, పొలం గట్టున, కూలిన బావి దరిన మొలిచావు. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎరువు వేయలేదు, కంచె కట్టలేదు. మేకలమందలు నీ పక్కనుంచే పోయాయి, నీ ఆకును మూతి పెట్టి వాసన చూసి వదిలేశాయి. వంటచెరుకు కోసం గొడ్డలి పడితే, మోడు నుంచి నాలుగు కొమ్మలై మళ్ళీ లేచావు. దసరా వచ్చేసరికి మా గంపలు నింపావు. ఇన్నేళ్ళుగా తింటున్న నోటితో నిన్ను ఒక్కసారైనా నోరారా పొగుడుకోవాలని ఈ మాటలు రాస్తున్నాను.

ఇంటెనక నాలుగడుగుల జాగ ఉన్న మనిషికి ఎక్కడెక్కడి పండ్ల మీదో మనసు పోతుంది. హైదరాబాద్ పెళ్ళి విందులో ఖుబానీ కా మీఠా తింటాం. పాకంలో ఉడికి నిగనిగలాడే ఆ పండు నోట్లో కరుగుతుంటే, ఈ చెట్టు మన పెరట్లో ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది. అది ఆప్రికాట్. టర్కీలో మలాత్యా కొండనేలల్లో, కశ్మీరులో, లడఖ్‌లో సింధు నది ఒడ్డు ఊళ్ళలో ఇళ్ళ వెంట పెరుగుతుంది. లడఖ్ వాళ్ళు రక్త్‌సే కార్పో అనే తమ తెల్లగింజ రకానికి భౌగోళిక గుర్తింపు కూడా సాధించుకున్నారు. చలికి జడవని చెట్టు అది. ఆకు రాల్చి మోడై నిలబడిందంటే సున్నాకు 20 డిగ్రీల కిందికి దిగినా కొమ్మ చావదు. అంతేకాదు, చలి లేకపోతే బతుకే సాగదు దానికి. 7 డిగ్రీల లోపు చల్లదనం కొన్ని వందల గంటలపాటు ఒంటికి తగిలితేనే మొగ్గలో నిద్ర తీరుతుంది. మా దగ్గర సంక్రాంతి ముందు రాత్రుళ్ళు మహా అయితే 12, 13 డిగ్రీలకు దిగుతాయి. తెల్లవారి పది గంటలకల్లా గోడకు ఆనితే వెచ్చగా తగులుతుంది. పాపం, ఆ చెట్టు ఇక్కడ నిద్రపోలేదు. నిద్ర లేని చెట్టు పూయలేదు.

నీకూ నిద్ర కావాలి. కాకపోతే నువ్వు ఎండకు నిద్రపోతావు.

ఈ ఒక్క గుణం చాలు, నిన్ను మా నేలకు ఇలవేల్పు అనడానికి. సూర్యాపేట నుంచి జనగామ పోయే తొవ్వలో ఉంటుంది మా ఊరు. 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. జిల్లా ఏదైనా నేల అదే. పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద గట్టి బండ. వాన పడితే చెరువు నిండుతుంది, పడకపోతే బోరు ఎండుతుంది. మా తాతలు జొన్నలు, ఆముదాలు, కందులు వేసి ఆకాశం వైపు చూసిన నేల ఇది. ఈ నేలలో బతకాలంటే దాహాన్ని ఓర్చుకోవడం తెలియాలి. ఆ విద్య మనుషులకంటే నీకే బాగా తెలుసు.

మాఘం దాటి నేలలో తడి తగ్గుతుంటే నీ ఆకు పసుపుకు తిరుగుతుంది. ఫాల్గుణంలో రాలడం మొదలవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి వట్టి కొమ్మలు మిగులుతాయి, వాటికి అక్కడక్కడ నిరుడు ఎండి నల్లబడ్డ కాయలు. మే నెలలో బండలు కాగుతాయి. 44, 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయని మావాళ్ళు అనే ఆ రోజుల్లో నువ్వు ఒక్క చుక్క నీరు బయటికి పోనివ్వవు. పోనిచ్చే ఆకే లేదు. చచ్చిన చెట్టని కొట్టేయబోయేవాళ్ళు ముందు గోటితో నీ బెరడు గీకి చూడాలి. కింద లేతపచ్చగా, తడిగా ఉంటావు.

నీ కొమ్మను కళ్ళ దగ్గరికి వంచుకుని చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. చాలా చెట్లకు ఆకు తొడిమకూ కొమ్మకూ మధ్య సందులో మొగ్గ బయటికే ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. నీకు ఎంత వెతికినా దొరకదు. ఎందుకంటే నీ తొడిమ అడుగుభాగం కాస్త ఉబ్బి, లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో మొగ్గ దాగి ఉంటుంది, తల్లి కొంగు కింద చంటిబిడ్డ ఉన్నట్టు. ఆకు ఊడేదాకా అది వెలుతురు చూడదు. ముదిరిన ఆకు ఒకటి పట్టుకుని మెల్లగా వంచితే టక్కున ఊడి వస్తుంది. ఊడిన చోట గుండ్రని మచ్చ, ఆ మచ్చ నడుమ సన్నని నూగు కప్పుకున్న ఆవగింజంత మొగ్గ. అంటే నువ్వు ఆకు రాల్చడం ఓడిపోవడం కాదన్నమాట. వచ్చే ఏటికి తలుపులు తీయడం. ఇతర దేశాల్లో తోటలవాళ్ళు కొమ్మలు కత్తిరించి, కత్తిరించిన కొమ్మ చివర ఆకులు దూసి ఈ మొగ్గలను లేపుతారు. మాకు ఆ పని ఎండాకాలమే చేసిపెడుతుంది, కూలి అడగకుండా.

ఇక మృగశిర. మొదటి గట్టి వాన పడ్డ వారం పది రోజులకే గుట్ట రంగు మారుతుంది. నీ మచ్చల్లోంచి లేతాకుపచ్చ చిగుళ్ళు పుడతాయి, వాటితోపాటే పూలు. నీ పువ్వును పువ్వని గుర్తుపట్టని పిల్లలు ఎందరో! తలకిందులుగా వేలాడుతుంది, ఆకుపచ్చగానే ఉంటుంది, రంగు చూపి ఎవరినీ పిలవదు. మూడే మూడు దళసరి రేకులు. ఒక్కటి విరిచి లోపలివైపు చూస్తే పాలిపోయిన పసుపు, అడుగున ఊదారంగు చుక్క. వాసన మాత్రం మగ్గిన పండు వాసన. ఆ వాసనకు తేనెటీగలు పెద్దగా రావు. నువ్వుగింజంత సన్నని నల్లపురుగులు వస్తాయి, రేకుల సందులో దూరి రాత్రంతా అక్కడే కాపురం ఉంటాయి. నీ పువ్వు ముందు ఆడది, తరవాత మగది. రేకులు విచ్చీ విచ్చనట్టు ఉన్నప్పుడు లోపలి కీలాగ్రాలు తడితడిగా పుప్పొడి కోసం ఎదురుచూస్తాయి. అదే పువ్వు పూర్తిగా విచ్చుకుని తన పుప్పొడి రాల్చేసరికి ఆ తడి ఆరిపోయి ఉంటుంది. తనది తనకు అందదు. ఇంకో పువ్వు నుంచి ఆ బుజ్జిపురుగు మోసుకురావాల్సిందే. అందుకే వందలు పూస్తావు, నిలిచేవి కొన్నే. వేసవి చివర తొందరపడి పూసినవి వడగాలికి రాలిపోతాయి. గాలిలో తేమ నిండిన తొలివానల పూలే కాయలవుతాయి.

నీ కాయను ఎంత చూసినా తనివి తీరదు నాకు. నిజానికి అది ఒక కాయ కాదు. ఒక్క పువ్వు లోపలున్న పదులకొద్దీ బుడిపెలు ఒక్కొక్కటీ ఒక్కో తొనగా పెరిగి, భుజం భుజం ఆనించుకుని ఒక్కటైన కుటుంబం. బయటికి కనిపించే ప్రతి కన్నూ ఒక తొన. పుప్పొడి అందిన కన్ను ఉబ్బుతుంది, అందని కన్ను అణిగిపోతుంది. వంకరగా, ఒకవైపు లొత్త పోయి కనిపించే కాయను సంతలో పక్కన పెడతారు. నాకు మాత్రం దాన్ని చూస్తే తొలివానల్లో ఒక సాయంత్రం ఆ పువ్వుకు పురుగు రాలేదని తెలుస్తుంది.

మా ఊళ్ళలో కాయ తెంపే చదువు అంతా కళ్ళలోనే ఉంది. కన్నుకూ కన్నుకూ మధ్య గాడి ఆకుపచ్చగా, ఇరుకుగా ఉంటే ముట్టుకోకూడదు. ఆ గాడి వెడల్పయి తెల్లగా, వెన్నరంగుకు తిరిగితే కాయకు వయసొచ్చినట్టు. గుట్టెక్కే మనవరాలికి ప్రతి ఇంట్లో అవ్వ చెప్పే మాట ఒక్కటే: "కండ్లు తెర్సిందా సూడు బిడ్డా. తెర్వంది తెంపితే పండది, రాయైతది." ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. తొందరపడి తెంపిన కాయ పండకుండానే నల్లబడి గట్టిపడుతుంది. కళ్ళు తెరిచినదాన్ని వడ్లగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో దాస్తే మూడు నాలుగు రోజులకు ఇల్లంతా చెబుతుంది. బొటనవేలు ఆనిస్తే చాలు, చీలిపోతుంది. తొడిమ పట్టుకు లాగితే తెల్లని కాడతో సహా వచ్చేస్తుంది. ఆ కాడకు అంటిన గుజ్జు కోసం అన్నాచెల్లెళ్ళు కొట్లాడుకోని ఇల్లు మా వైపు ఉందని నేననుకోను.

నువ్వు పండే రోజులు ఎంత గొప్పవో! గుట్ట మీద తంగేడు పచ్చగా పూస్తుంది, చేన్ల గట్లమీద గునుగు తెల్లగా లేస్తుంది. బతుకమ్మకు పూలు తేవడానికి పోయినవాళ్ళు ఒక గంపలో పూలు, ఇంకో గంపలో నిన్నూ దించుకొస్తారు. సద్దుల బతుకమ్మనాటికి నీ పంట నిండుగా ఉంటుంది, దీపావళికి అడుగంటుతుంది. పండుగలూ నువ్వూ ఒకే నెలలో రావడం మాకు వచ్చిన వరం. ఆ నెలలో కూలిపని లేని ఇల్లాలు కూడా తెల్లవారకముందే గుట్టెక్కి, తేళ్ళకూ పాములకూ జడవకుండా పొదల్లో చేతులు పెట్టి, రెండు తట్టలు దించుకుని రోడ్డు పక్కన కూర్చుంటుంది. రాచకొండ గుట్టల కింద, దేవరకొండ తొవ్వల్లో, పాలమూరు పోయే జాతీయ రహదారి వెంబడి, నీ వెనక కూర్చున్న ఆ తల్లుల చేతుల్లో పండుగ ఖర్చు పెట్టిందెవరు? నువ్వే. పెట్టుబడి అడగని పంటవు, అప్పు పెట్టని పంటవు. భూమి లేనివాళ్ళకు దక్కిన తోటవు.

ఆ పాలమూరులోనే ఉంది బాలానగర్. దేశంలో సీతాఫలం పండించే ఏ రైతును అడిగినా ఆ ఊరి పేరు చెబుతాడు. పెద్ద కండ్లు, మెత్తని గుజ్జు, తీపిలో చిన్న సువాసన ఉన్న రకం ఆ ఊరి పేరుతోనే మహారాష్ట్రకూ కర్ణాటకకూ తోటలై పోయింది. ఇప్పుడు కొత్త రకాలు వచ్చాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ సంకరపరిచిన అర్క సహన్‌లో గింజలు తక్కువ, తీపి ఎక్కువ. మహారాష్ట్ర బార్శీ రైతు ఒకరు ఎంపిక చేసిన ఎన్‌ఎంకే-1 గోల్డెన్ పసుపు ఛాయతో, పెద్ద కాయతో, తెంపాక ఎక్కువ రోజులు ఆగే గుణంతో సంతల్లో పేరు తెచ్చుకుంది. మన సంగారెడ్డి పండ్ల పరిశోధన స్థానంలోనూ నీ జాతి మీద పని జరిగింది. అన్నీ మంచివే, అందరికీ దండమే. అయినా నా మనసు గుట్టకాయ దగ్గరే ఉంది. అది చిన్నది, గింజలు ఎక్కువ, ఒక్కో చెట్టుది ఒక్కో రుచి. కానీ బండ మీద ఎండిన నేలలో ఊరిన ఆ తీపి, గొట్టంనీళ్ళు తాగిన తోటకాయలో నాకు దొరకలేదు.

నువ్వు ఎక్కడి దానివన్న మాట వస్తే, సీతమ్మ వనవాసంలో రామయ్యకు పెట్టిన పండువని మా ఊళ్ళో కథ. రామాఫలం, లక్ష్మణఫలం నీ చుట్టాలే కాబట్టి కుటుంబమంతా మా నోటనే ఉంది. వృక్షశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది నీ పుట్టిల్లు ఉష్ణ అమెరికా, వెస్టిండీస్ దీవులంటారు. పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో మా తీరానికి చేరావంటారు. 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మాత్రం మధుర, భార్హుత్ శిల్పాల్లో నిన్ను పోలిన పండు చెక్కి ఉందని, నువ్వు అంతకుముందే ఇక్కడున్నావని వాదించాడు. ఆ వాదం నిలవలేదని అనేవాళ్ళే ఎక్కువ. ఓడలో వచ్చినా నాకేమీ కొరత లేదు. మిరపకాయ అట్లాగే వచ్చింది, అది లేని మా బువ్వ ఊహించగలమా? నాలుగైదు వందల ఏళ్ళు ఒక నేల కరువులన్నీ పంచుకున్నదాన్ని పరాయిదనే హక్కు ఎవరికీ లేదు.

శిల్పాల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పుకోవాలి. మాకు దగ్గర్లోనే ఫణిగిరి ఉంది. మొన్నటిదాకా మా తిరుమలగిరి మండలంలోదే, ఇప్పుడు నాగారం మండలం. పాముపడగ ఆకారంలో ఉన్న ఆ గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు, తోరణాల మీద చెక్కిన చెట్లూ మనుషులూ బయటపడ్డాయి. 2023లో ఆ రాళ్ళు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా పోయి, చెట్టు, సర్పం పేరిట జరిగిన ప్రదర్శనలో నిలబడ్డాయి. బుద్ధుడికీ నీకూ ఒక ముడి ఉంది. తైవాన్‌లో తైతుంగ్ అనే చోట నిన్ను ఎకరాలకెకరాలు పండిస్తారు. కొమ్మలు కత్తిరించి, పూలకు చేత్తో పుప్పొడి అద్ది, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. వాళ్ళు నీలో శాక్యముని తలమీది ఉంగరాల జుట్టును చూసి ఆయన పేరే పెట్టుకున్నారు. ఈ సంగతి తెలిసిననాటి నుంచి, బౌద్ధం వెలిగిన గుట్ట పక్క ఊరివాణ్ణి కాబట్టి, నిన్ను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మనసు కొంచెం వంగుతుంది.

నీలో తీపి ఎంత ఉందో చేదు కూడా అంతే ఉంది. ఆకు నలిపితే ఘాటు. ఆ ఘాటే నిన్ను మేకల నుంచి కాపాడింది. పశువు పుండులో పురుగు పడితే నీ ఆకు నూరి పెట్టడం మా పల్లెల్లో పాతకాలం వైద్యం. సేంద్రియ వ్యవసాయం చేసేవాళ్ళు వేపాకు, జామాకు, బొప్పాయాకులతో పాటు నీ ఆకు కూడా ఆవుమూత్రంలో ఉడికించి బ్రహ్మాస్త్రం కాస్తున్నారు. పురుగు మీద చల్లితే పనిచేసేది నీ ఒంట్లోని చేదే. గింజలో ఆ శక్తి ఇంకా ఎక్కువ. పండు తినేటప్పుడు గింజ మింగితే అది అట్లాగే బయటికి పోతుంది, నూరి మాత్రం లోపలికి తీసుకోరాదు. పేలకని గింజల పొడి తలకు పట్టించే అలవాటు ఇంకా ఉంది. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతిని మంట, నొప్పితో విలవిల్లాడాల్సి వస్తుంది. కంటి డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్న మాట ఇది. పిల్లల తలల మీద ఆ ప్రయోగం మానుకుంటే మంచిది. వంద గ్రాముల గుజ్జు దాదాపు వంద కాలరీల బలం ఇస్తుంది కాబట్టి చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు నిన్ను చూసి ఆగాలి. ఆగడం కష్టమే.

నిప్పు కూడా నీకు గిట్టదు. ఖుబానీని ఉడికించి, పాకం పట్టి, ఏడాదంతా దాచుకోవచ్చు. నిన్ను 65 డిగ్రీలు దాటి కాస్తే చేదెక్కుతావు. జామ్‌కు ఒప్పుకోవు, ఎండబెడితే ఒప్పుకోవు. చల్లారిన పాలల్లో కలుపుకుంటే బాసుందివి, గుజ్జు తీసి మంచులో దాచుకుంటే హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమువి. అంతకుమించి నిన్ను ఎవరూ లొంగదీయలేదు. ఉన్నప్పుడు తినాలి, నలుగురికీ పంచి తినాలి, రేపటికని దాచేది కాదు. పండిన పండును మూడోనాడు ఎవరికీ పెట్టకుండా ఉంచుకున్న ఇల్లు నేను చూడలేదు.

ఇంత చెప్పి, ఇప్పుడు నిన్ను గుట్ట దిగి మా పెరట్లోకి రమ్మంటున్నాను. ఎందుకో కూడా చెప్పాలి. గుట్టలు తగ్గిపోతున్నాయి తల్లీ. గ్రానైటు కోసం కొన్నింటిని కోస్తున్నారు. కంకరకు కొన్నింటిని పేలుస్తున్నారు. రోడ్డు పక్కన చెల్కలు ప్లాట్లయి, రంగురంగుల రాళ్ళు పాతుకుంటున్నాయి. జేసీబీ మొదట పెకలించేది నిన్నే, ఎందుకంటే నువ్వు ఎవరి చెట్టువూ కావు. పహాణీలో నీ పేరు లేదు, నీకు నష్టపరిహారం లేదు. అడవిశాఖ మొక్కల జాబితాలో అక్కడక్కడ ఉన్నావు గానీ, నిన్ను నా చెట్టు అని కొంగు పట్టుకుని ఆపేవాళ్ళు కావాలి. ఇంటి చెట్టుకైతే ఆ మనుషులు ఉంటారు. జామకు ఉన్నారు, నిమ్మకు ఉన్నారు, మునగకు ఉన్నారు. నీకు లేరు. ఇన్నాళ్ళూ నువ్వు ఉచితంగా దొరికావు కాబట్టి నిన్ను పెంచుకోవాలన్న బుద్ధి మాకు పుట్టలేదు.

రా. నీకు పెద్ద జాగ అక్కర్లేదని తెలుసు. ఇరవై అడుగుల ఎత్తుకు మించి పెరగడం అరుదు, గోడలు పగలగొట్టే వేర్లు నీకు లేవు. గోలెం పక్కన మాత్రం నిన్ను పెట్టం. రోజూ బట్టలుతికిన నీళ్ళు నిలిచే చోట నీ వేరు కుళ్ళుతుంది. పొద్దంతా ఎండ తగిలే మూల, నీళ్ళు జారిపోయే వాలు చూసి, రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వుతాం. వేసవిలోనే తవ్వి ఎండకు వదిలేస్తాం. తొలకరికి పైమట్టి, మాగిన పశువుల ఎరువు, పిడికెడు వేపపిండి కలిపి నింపుతాం. ఇంకో చెట్టు ఉంటే పన్నెండు పదిహేను అడుగుల ఎడం ఇస్తాం. ఒక్కటి కంటే రెండు ఉంటే మేలు, పుప్పొడి ఇచ్చిపుచ్చుకోవడానికి.

గింజతోనే పెంచుదామనుకునేవాళ్ళు గుట్టమీద మంచి చెట్టును ముందే గుర్తుపెట్టుకోవాలి. కాయ పెద్దది, గింజ తక్కువది, ఏటేటా కాసేది. ఆ పండు గింజలు కడిగి నీడన ఆరబెట్టి, జూన్‌లో ఒకరోజు నీళ్ళల్లో నానబెట్టి సంచిలో వేస్తారు. మొలక తొందరపడదు. నెల దాటినా మట్టి కదలకపోతే విసుగుపడి సంచి పారేసేవాళ్ళున్నారు. పారేయొద్దు. నీ గింజ పైపెంకు గట్టిది, తన సమయం తాను చూసుకుంటుంది. మూడో నాలుగో ఏడు కాపు మొదలవుతుంది. తొందర ఉన్నవాళ్ళకు నర్సరీలో అంటుమొక్కలు దొరుకుతాయి, ఏడాది ముందే కాస్తాయి. అంటు కింది నుంచి లేచే పిలకలను ఎప్పటికప్పుడు గిల్లేస్తే చాలు.

మొదటి రెండు ఎండాకాలాలు నీకు నీళ్ళు పోస్తాం. వేరు మొరంలోకి దిగేదాకా నువ్వూ చంటిదానివే కదా. ఆ తరవాత మాఘం నుంచి నీళ్ళు ఆపేస్తాం. ఇది చాలామందికి మింగుడుపడదు. మండుటెండలో చెట్టు ఆకు రాలుస్తుంటే చూస్తూ ఊరుకోవడం పాపమనిపిస్తుంది, బకెట్టు పట్టుకుని ఉరుకుతారు. నీ నిద్ర చెడగొట్టడమే అది. కొమ్మలు మోడై ఉన్నప్పుడే కత్తెర పెడతాం. నేలను రాసే కొమ్మలు, ఒకదాన్నొకటి ఒరుసుకునేవి, ఎండినవి తీసేసి నడుమ వెలుతురు పడేట్టు చేస్తాం. నల్లబడి వేలాడే పాత కాయలను ఏరి కాల్చేస్తాం, వచ్చే ఏటి తెగులు వాటిలోనే కాచుకుని ఉంటుంది కాబట్టి. కొత్త కొమ్మ మీదనే పువ్వు ఎక్కువ వస్తుందని తెలిసినవాళ్ళు కత్తెరకు జంకరు.

కాయ మీద కళ్ళ సందుల్లో తెల్లని దూదిపొడి కనిపిస్తే పిండినల్లి వచ్చినట్టు. దాన్ని మోసుకొచ్చేవి చీమలు. మొదలు చుట్టూ చీమల దారి తెగ్గొట్టి, సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి చల్లితే చిన్న చెట్టుకు సరిపోతుంది. పురుగులు రాక పూలు ఉత్తగా రాలిపోతుంటే ఇంటి పిల్లల చేతికి చిన్న బొమ్మల కుంచె ఇస్తాం. పొద్దున్నే బాగా విచ్చుకున్న పువ్వు పుప్పొడి చిన్న మూతలోకి దులుపుకుని, అప్పుడప్పుడే నోరు తెరుస్తున్న పువ్వు లోపల మెల్లగా తిప్పాలి. వారం తిరిగేసరికి ఆ పువ్వు రేకులు రాలి పచ్చని బటాణీ గింజంత పిందె మిగులుతుంది. తాను కుంచె తిప్పిన పిందెను ఆ పిల్ల నాలుగు నెలలు కాపలా కాస్తుంది. స్కూలు నుంచి రాగానే బువ్వ కన్నా ముందు చెట్టు దగ్గరికే పోతుంది.

కోతుల సంగతి తెలుసు. మా ఊళ్ళమీదికి అవి దండుగా దిగుతున్నాయి, కండ్లు తెరవకముందే కొరికి పారేస్తున్నాయి. ఇంటి చెట్టుకు కాయకో సన్నవల సంచి కడతాం, కుక్కను కడతాం. కొన్ని పోతాయి, పోనీ. అడవిలో వాటికి తిండి లేకుండా చేసింది మేమే. ఉడుతకు కొన్ని, పికిలిపిట్టకు కొన్ని, రాత్రి గబ్బిలానికి కొన్ని. మిగిలినవాటిలో మొదటి పండు ఇంట్లో పెద్దావిడకు, పళ్ళు లేకున్నా తినగలిగిన పండువు నువ్వు. తరవాతవి గోడ అవతలి పిల్లలకు, ఆడబిడ్డ అత్తగారింటికి ఒక సంచి. తిన్న గింజలు మాత్రం ఎవరినీ ఊడ్చి పారేయనివ్వం. గిన్నెలో ఉమ్మమంటాం, కడిగి ఆరబెడతాం. సంచుల్లో వేసుకునేవి వేసుకుని, మిగిలినవి ఎర్రమట్టీ పేడా కలిపి ఉండలు చుట్టి, తొలివాన పడ్డనాడు బడిపిల్లలను వెంటేసుకుని గుట్టెక్కి బండల సందుల్లో పెట్టి వస్తాం.